కుందేలు మారన్‌విల్

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములయందు క్రికెట్టు నెరుగని బాలుడు లేడు. బేస్‌బాల్ అను ఆటను కన్నులార చూచినవారు మాత్రము మిక్కిలి అరుదు. మన దేశమున క్రికెట్టునకు గల మన్ననకు, అమెరికా దేశమున ఆ యాటకు గల మన్నన యేమాత్రము తీసిపోదు. అట్టి యాటలో గొప్ప పేరు వడసి, త్రాగుడు మూలమున ఆ పేరును కొలువును పోగొట్టుకొని, మరల రెంటిని సంపాదించుకొనిన వాల్టర్ మారన్‌విల్ అనువాని జీవితమును ఈ సంచికలో మా పాఠకులకు చెప్పదలచితిమి.

ఇతడు పండితుడు కాడు, దేశనాయకుడు కాడు, సాధుపుంగవుడు అంతకన్న కాడు. ఇట్టివాని కథ పాఠశాల సంచికలో నేల యని పెద్దలు కొందరు అడుగవచ్చును. త్రాగుడువలన గలుగు కష్టము లెట్టివో గ్రంథములు చదివి తెలిసికొనవలసిన యవసరము మన పల్లెలలోను పట్టణములలోను పెక్కు కుటుంబములకు లేదు. సాయంకాలమున తండ్రి అడుగుల చప్పుడు విని, నేడాయన యెట్లు వచ్చుచున్నాడో యని గుండెలు చిక్కబట్టుకొని కూర్చుండు బిడ్డలు మా పాఠకులలోనే యుందురు. ఆ వ్యసనమునుండి యొకడు బయటపడిన కథ వారి చెవిని బడుట మాత్రము అరుదు. అందుచేతనే దీనిని వ్రాయుచున్నాము.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. బేస్‌బాల్ జట్టునకు ఆటగాండ్రు తొమ్మండుగురు. మైదానమున నాలుగు మూలలు గల చదరమొకటి యుండును. ఒక మూలనుండి మరియొక మూలకు దూరము 90 అడుగులు. క్రికెట్టు బ్యాటువలె పలకగా గాక, రోకలివలె గుండ్రముగా నుండు కర్రతో బంతిని కొట్టుదురు. కొట్టినవాడు ఒక్కొక్క మూలనే తాకుచు నాలుగింటిని చుట్టి వచ్చినచో ఒక పరుగు లెక్కకు వచ్చును. రెండవ మూలకును మూడవ మూలకును నడుమ నిలుచువానిని షార్ట్‌స్టాప్ అందురు. కుడిచేతి వాటము గలవారు కొట్టిన బంతులు తరచుగా ఆ వైపునకే దూసికొనివచ్చును. వానిని వంగి యందుకొని, కొట్టినవాడు మొదటి మూలను చేరకమునుపే అచ్చటికి విసరివేయవలెను. రెప్పపాటు ఆలస్యమైనను పని చెడును. మారన్‌విల్ తన యాటకాలములో ఎక్కువ భాగము నిలిచినది ఈ స్థానముననే.

అతడు 1891వ సంవత్సరము నవంబరు 11వ తేదీన మసాచుసెట్స్ రాష్ట్రమునందలి స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమున జన్మించెను. మరుసటి నెలలోనే, అదే పట్టణమున, క్రైస్తవ యువజన సంఘమువారి శిక్షణ పాఠశాలలో ఉపాధ్యాయుడైన జేమ్స్ నైస్మిత్ అనునాయన బుట్టలు కట్టించి బాస్కెట్‌బాల్ అను క్రొత్త ఆటను కల్పించెను. మన పాఠశాలల మైదానములలో నేడును ఆడబడుచున్న ఆ యాటయు ఈ బాలుడును ఒకే యూరివారు, ఇంచుమించుగా ఒకే యీడువారు అని చెప్పవచ్చును. మారన్‌విల్ తండ్రి పోలీసు ఉద్యోగి. కుమారునికి చదువుమీద మనసు నిలువలేదు. పదునైదవ యేట బడి మాని, గొట్టములు బిగించు పనివాని యొద్ద పని నేర్చుకొనుటకు చేరెను. పనిలో నుండియు అతని మనసు బంతియాటపైననే యుండెను. మనిషి మిక్కిలి పొట్టి. పూర్తిగా ఎదిగిన పిదప సయితము అతని యెత్తు 5 అడుగుల 5 అంగుళములకు మించలేదు.

1911లో న్యూ బెడ్‌ఫర్డ్ అను పట్టణపు జట్టులో జీతమునకు ఆడసాగెను. కుందేలు అను మారుపేరు అతనికి వచ్చినది అచ్చటనే. అతని గంతులను చూచిన చిన్న బాలిక యొకతె అతనిని కుందేలుతో పోల్చెననియు, ఆ పేరు నాటినుండి నిలిచిపోయెననియు అతడే చెప్పుకొనెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో బోస్టను నగరపు జట్టు అతనిని తీసికొనెను. అది దేశమునందలి ప్రధానమైన జట్లలో నొకటి. అచ్చట జనులను మొదట ఆకర్షించినది అతడు ఎత్తుగా లేచిన బంతిని పట్టు విధము. తక్కినవారు చేతులు పైకెత్తి పట్టుదురు. ఇతడో, చేతులను నడుమునొద్ద దొప్పగా చేర్చి కదలక నిలుచుండి, బంతి ముఖమును రాచుకొనునట్లు దిగివచ్చి దొప్పలో పడువరకు కనిపెట్టుకొని యుండును. బంతి జారిపోవునని ప్రేక్షకులు ఊపిరి బిగబట్టుదురు. అది జారదు. దీనినిబట్టి అతని స్వభావము కొంత తెలియవచ్చును. పని సులభముగా చేయగలిగియు, జనులకు వినోదముగా నుండునట్లు చేయుటయే అతనికి ఇష్టము.

1914వ సంవత్సరపు కథను బోస్టనువారు నేటికిని చెప్పుకొందురు. ఆ యేడు జూలై 4వ తేదీనాటికి వారి జట్టు ఎనిమిది జట్లలో అట్టడుగున, మొదటి జట్టునకు 15 ఆటలు వెనుకబడి యుండెను. ఐరోపాలో మహాయుద్ధము మొదలగుచున్న ఆ దినములలోనే ఈ జట్టు లేచి నిలిచి, ఒక్కొక్కరిని దాటుకొని పోయి, ఋతువు ముగియునప్పటికి రెండవ జట్టుకన్న పదిన్నర ఆటలు ముందుండెను. పిదప జాతీయ విజేత నిర్ణయించు పోటీలో, అంతకు నాలుగేండ్లలో మూడు పర్యాయములు విజేతలైన ఫిలడెల్ఫియావారిని వరుసగా నాలుగాటలలో ఓడించెను. ఆ సంవత్సరమున ఉత్తమ ఆటగానికి ఇచ్చు బహుమానము అతని ప్రక్కన నిలిచిన జానీ ఎవర్స్ అనువానికి లభించెను. రెండవ స్థానము మారన్‌విల్‌ది. ఇరువురును బంతి పట్టుటలో పేరుపొందినవారే గాని పెద్ద కొట్టుడుగాండ్రు కారు. అప్పటికి అతని వయసు ఇరువదిమూడు నిండలేదు.

ఇక అతని చేష్టలు. తీర్పరికి కన్ను సరిగా కానరాదని చెప్పుటకు మైదానములోనే అతనికి కండ్లజోడు తెచ్చి యిచ్చుట, తీర్పరి కాళ్ల సందున దూరి ప్రాకిపోవుట, హోటలు కిటికీ వెలుపలి అంచుపై నడచుట, గాజుతొట్టిలోని బంగారు చేపను మ్రింగుట, ఇట్టివి వేయి చెప్పుదురు. కొన్ని నోటనోట పెరిగియుండును. ఎట్టి హాస్యగానికిని అంతియే. 1914 విజయము తరువాత నాటకశాలలలో వినోద ప్రదర్శనములకు పోయి, మూలకు జారి చేరు విధమును చూపుచు, వేదికమీదినుండి వాద్యగాండ్ర నడుమ మద్దెలపై పడి కాలు విరుగగొట్టుకొనినట్లు అతడే చెప్పుకొనెను. ప్రేక్షకులు దానిని గూడ ఆటలో భాగమే యనుకొని నవ్విరట!

ఈ నవ్వులోనే అతని కీడు దాగియుండెను. ఆటగాండ్ర జీవితము రైళ్లలోను హోటళ్లలోను గడచునది. పోయిన ప్రతి యూరిలోను అభిమానులు చుట్టుముట్టుదురు. నవ్వించువానికి గ్లాసు నింపి యిచ్చుట గౌరవమని తలంతురు. మారన్‌విల్ త్రాగినప్పుడు దుఃఖించువాడును కాడు, మూల కూర్చుండువాడును కాడు. నలుగురిని నవ్వించుచు త్రాగెను. అందుచేత అది వ్యసనమని యెవరికిని తోచలేదు. కుందేలు లేనిదే సందడి లేదనిరి. సందడికి మద్యము వలయుననిరి. మన యూళ్లలోను పెండ్లిండ్లలో, జాతరలలో ఇట్టివాడు ఒకడుండును. అతడు వచ్చిన గాని సభ రక్తి కట్టదు. పదిమందియు అతనికి పోయుదురు. అతనిని ఇంటికి చేర్చువాడు మాత్రము ఒక్కడును ఉండడు.

1918లో అతడు నౌకాసైన్యమున చేరి పెన్సిల్వేనియా అను యుద్ధనౌకపై పనిచేసెను. ఆ యేడు సెలవు దొరకినప్పుడు ఆడినవి పదునొకండు ఆటలు మాత్రమే. 1921లో బోస్టనువారు అతనిని పిట్స్‌బర్గు జట్టునకు మార్చిరి. అచ్చట నాలుగేండ్లు చక్కగా ఆడెను. చక్కగా త్రాగెను గూడ. ఆ జట్టు యజమానికి వినోదముకన్న క్రమశిక్షణయే ముఖ్యమని చెప్పుదురు. 1924 చివర మారన్‌విల్‌ను మరి యిరువురతో కలిపి షికాగో జట్టునకు ఇచ్చివేసెను.

షికాగోలో జరిగిన విషయమును కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. 1925 జూలైలో జట్టు పెద్దలు, ఏమి తలచిరో గాని, మారన్‌విల్‌నే జట్టు నిర్వాహకునిగా నియమించిరి. తానే చిలిపివాడైనవాడు తక్కినవారిని అదుపులో నుంచవలసి వచ్చెను. రాత్రి రైలులో నిద్రించుచున్న ఆటగాండ్ర ముఖములపై నీళ్లు పోసి, నిర్వాహకుడు మేలుకొనియుండగా ఇతరులు నిద్రింపరాదని హాస్యమాడెనని ప్రసిద్ధి. మొదటిదినమున అందరును నవ్వియుందురు. అతని నిర్వాహకత్వమున జట్టు 53 ఆటలాడి 23 గెలిచెను. సెప్టెంబరు ఆరంభమున అతనిని ఆ పదవినుండి తొలగించిరి. ఆ జట్టు తన చరిత్రలో మొట్టమొదటిసారి అట్టడుగు స్థానమున నిలిచినది ఆ సంవత్సరమే. తప్పంతయు అతనిదే యనుట న్యాయము కాదు. ఆ యేడు ఆ జట్టునకు ముగ్గురు నిర్వాహకులు మారిరి. అయినను అధికారము చేతికి వచ్చినప్పుడు అతనికి పరిహాసము తప్ప మరియొక సాధనము లేకపోయెననుట నిజము.

1926లో బ్రూక్లిను జట్టులో చేరెను. ఋతువు ముగియక మునుపే వారును సెలవిచ్చిరి. సెయింట్ లూయిస్ జట్టు అతనిని తీసికొనెను గాని ప్రధాన జట్టులో ఆడనీయక, 1927లో క్రింది తరగతి జట్టు గల రోచెస్టరు పట్టణమునకు పంపెను. ముప్పదియైదేండ్లవాడు, ఒకప్పుడు దేశమంతయు జయజయధ్వానములు చేసినవాడు, ఇరువదేండ్ల కుర్రవాండ్రతో కలిసి చిన్న మైదానములలో ఆడవలసి వచ్చెను. అట్టి వయసున అట్టి చోటికి పోయినవారిలో తిరిగివచ్చువారు అరుదు.

ఆ రోచెస్టరు సంవత్సరముననే, 1927 మే 24వ తేదీన, మారన్‌విల్ త్రాగుడు మానివేసెను. ఆ తేదీని తన పుట్టినదినమువలె జ్ఞాపకముంచుకొని, అడిగినవారికెల్ల చెప్పుచుండెను. దానిని గూర్చియు హాస్యమే! 1927కు పూర్వముకన్న తరువాత దేశమున మద్యపానము చాల తగ్గిపోయినదనియు, దానికి కారణము తాను మానుటయే యనియు చెప్పెడివాడు.

ఇచ్చట ఒక సంగతి గమనింపదగియున్నది. అమెరికా దేశమంతటను 1920 జనవరినుండి 1933 డిసెంబరువరకు మద్యనిషేధ శాసనము అమలులో నుండెను. అనగా మారన్‌విల్ పిట్స్‌బర్గులోను షికాగోలోను బ్రూక్లినులోను త్రాగినదంతయు శాసనము నిషేధించినదే! శాసనము అతనిని ఆపలేదు. అది రద్దయిన పిదప వీధి వీధిని దుకాణములు తెరచినప్పుడు అతడు మరల త్రాగను లేదు. ఈ విషయమును మన జిల్లావారు ఇతరులకన్న బాగుగా అర్థము చేసికొనగలరు. రాజగోపాలాచారిగారి ప్రభుత్వము 1937లో సేలము జిల్లాలో మద్యనిషేధమును మొదలిడి, మరుసటి సంవత్సరము, అనగా 1938 అక్టోబరులో, దానిని చిత్తూరు కడప జిల్లాలకు విస్తరింపజేసెను. 2022లో వేరు జిల్లా యైన తిరుపతియు నాడు చిత్తూరు జిల్లాలోనిదే. పిదప 1992 ప్రాంతమున పొరుగున నున్న నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణములను మూయించుటకు లేచిరి. 1993లో ఆంధ్రప్రదేశమున సారాయికి నిషేధము వచ్చెను. 1995 ఆరంభమున మద్యమంతటికిని వచ్చెను. 1997లో అది సడలిపోయెను. మేము శాసనములను తృణీకరించువారము కాము. దుకాణము మూతపడిన దినమున కూలిడబ్బు ఇంటికి చేరిన తల్లిని అడిగినచో శాసనపు విలువ యెంతయో చెప్పగలదు. అయితే శాసనము వచ్చినను పోయినను, మే 24 వంటి దినమొకటి త్రాగువాని జీవితములోనే రావలసియున్నది.

అతనికి తోడ్పడుటకు నాడు ఏ సంఘమును లేదు. వ్యసనమునుండి బయటపడగోరువారు ఒకరికొకరు అండగా నిలుచు ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము ఆక్రన్ పట్టణమున పుట్టినది 1935లో. మారన్‌విల్ మానిన ఎనిమిదేండ్లకు. ఇంకొక మాట. అతనివలె ఒక్కదినమున మానుట అందరికిని క్షేమకరము కాదు. దీర్ఘకాలము అధికముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణుకు, మతిభ్రమణము, మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము గూడ కలుగవచ్చును. వైద్యుని యొద్దకు పోయి మానుట మేలు. ఇది సిగ్గుపడవలసిన విషయము కాదు. దీనిని రోగముగానే నేటి వైద్యులు ఎంచి చికిత్స చేయుచున్నారు.

ఆ యేడు సెప్టెంబరులోనే సెయింట్ లూయిస్‌వారు అతనిని మరల పిలిపించిరి. 1928లో అతడు నూరింటికి పైగా ఆటలలో తన పూర్వపు స్థానముననే నిలిచి ఆడెను. ఆ జట్టు తమ వర్గమున విజేత యయ్యెను. జాతీయ పోటీలో మాత్రము న్యూయార్కువారి చేతిలో నాలుగాటలును ఓడిపోయెను. ఆ నాలుగాటలలో మారన్‌విల్ పదుమూడు పర్యాయములు కొట్టుటకు దిగి నాలుగు పర్యాయములు సఫలుడయ్యెను. 1914లో బోస్టను పక్షమున కొట్టిన లెక్కయు సరిగా అదియే: పదుమూడింట నాలుగు. నడుమ పదునాలుగేండ్లు గడచినవి.

పిమ్మట అతని పాత జట్టైన బోస్టను అతనిని మరల కొనుక్కొనెను. 1929నుండి 1933వరకు అచ్చట ఆడెను. నలుబదియొకటవ యేట సయితము, స్థానము మాత్రము మార్చుకొని, ఋతువున నూరింటికి పైగా ఆటలాడెను. ఇట్టి వయసున అట్టి శ్రమను ఓర్చిన శరీరము అంతకు ఆరేండ్ల క్రిందట ఎవరికిని అక్కరలేక మూల పడవేయబడిన శరీరమే.

మా మనసునకు మిక్కిలి హత్తినది మాత్రము ఈ లెక్కలు కావు. త్రాగుడు మానిన పిదప కుందేలు నవ్వించుట మాననే లేదు. చేతులు నడుమునొద్ద చేర్చి బంతి పట్టుటయు, తీర్పరితో చెలగాటమాడుటయు, రైలులో కథలు చెప్పుటయు యథాప్రకారము సాగినవి. గ్లాసు లేనిదే సందడి లేదనినవారి మాట తప్పయ్యెను. ఆ హాస్యము మద్యములోనిది కాదు; అతనిలోనిదే. త్రాగుడు మానినచో స్నేహితులు దూరమగుదురనియు, తన కళయో మాటనేర్పో పోవుననియు భయపడువారు మన నాటకరంగమునను భజన మేళములలోను గూడ లేకపోలేదు. అట్టివారికి ఈ పొట్టి ఆటగాడు ప్రత్యక్ష సాక్షి.

1934 వసంతమున, ఋతువు మొదలుకాక మునుపు, ఫ్లారిడాలో జరిగిన అభ్యాసపుటాటలో చివరి మూలకు జారబోయి కాలు విరుగగొట్టుకొనెను. ఆ సంవత్సరమంతయు ఆడలేదు. ఆటగాని జీవితమున ఇట్టి కాలమే పరీక్షాకాలము. నొప్పి యొకవైపు, పనిలేమి యొకవైపు. అతడు పాత త్రోవ త్రొక్కలేదు. 1935లో మరల దిగి కొలదిపాటి ఆటలాడి విరమించెను. సుప్రసిద్ధుడైన బేబ్ రూత్ తన చివరి ఆటలు ఆడినదియు ఆ యేడు ఆ జట్టులోనే. ఆ జట్టు 115 ఆటలు ఓడిపోయి హాస్యాస్పదమయ్యెను గాని అందులో మారన్‌విల్ తప్పు కొంచెమే.

తరువాత చిన్న పట్టణముల జట్లకు నిర్వాహకుడుగా పనిచేసెను. మొదట ఎల్మీరా, పిదప మాంట్రియల్, ఆల్బనీ, తన స్వగ్రామమైన స్ప్రింగ్‌ఫీల్డ్. ఎల్మీరాలో నలుబదినాలుగేండ్ల వయసున కుర్రవాండ్రతో సమానముగా తానును మైదానమున దిగెను. షికాగోలో ఎనిమిది వారములలో పోగొట్టుకొనిన నిర్వాహకత్వము ఇచ్చట ఏండ్లతరబడి నిలిచినది.

చివరి దినములలో న్యూయార్కు నగరమున ఒక వార్తాపత్రిక నడపిన బాలుర బేస్‌బాల్ శిక్షణశాలను అతడు చూచుచుండెను. ఖరీదైన మైదానము లెరుగని వీధిపిల్లలకు బంతి పట్టుట నేర్పు పని అది. అందు చాలమంది అతని యాటను చూచినవారు కారు. అతడు గొప్పగా ఆడిన కాలమునకు వారు పుట్టియే యుండలేదు. ఆ పనిలో నుండగనే 1954 జనవరి 5వ తేదీన గుండెజబ్బుచే మరణించెను. వయసు 62. త్రాగుడు మాని అప్పటికి ఇరువదియారేండ్లు దాటినది.

కూపర్స్‌టౌన్ పట్టణమున బేస్‌బాల్ మహనీయుల మందిరము కలదు. అందు చేర్చదగినవారిని ఆ యాటను గూర్చి వ్రాయు పత్రికారచయితలు ఓటు వేసి నిర్ణయింతురు. నాలుగింట మూడు పాళ్ల ఓట్లు రావలెను. మారన్‌విల్ పేరు ఎన్నో సంవత్సరములు పరిశీలనకు వచ్చి నెగ్గలేదు. 28 హోమ్‌రన్‌లు మాత్రమే కొట్టిన వానికి ఆ మందిరమున చోటేల యని వాదించువారు నాడును ఉండిరి, నేడును ఉన్నారు. వారి లెక్క కర్రతో చేసిన పనికి సంబంధించినది; చేతులతో ఆపిన పరుగులను లెక్కించుట కష్టము. అతడు మరణించిన రెండు వారములు గడచిన పిదప, అదే జనవరిలో, ఓట్లు చాలినవి.

23 ఋతువులు ఒకే వర్గమున ఆడిన అతని రికార్డును 1986లో పీట్ రోజ్ అను ఆటగాడు దాటెను. అతడు వ్రాసికొనిన జ్ఞాపకములు 1991లో, అతడు పుట్టిన నూరేండ్లకు, పుస్తకముగా వెలువడినవి. అతని సమాధి స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే, సెయింట్ మైఖేల్ శ్మశానవాటికలో నున్నది.